నేలలో దాగిన నీరు

వైశాఖ జ్యేష్ఠములలో కొల్లేటి అంచున నడచినవారి కొక దృశ్యము కనబడును. కార్తికమాసమున తాటిదోనెలు తిరిగిన చోటనే నేల యెండి, నెర్రెలు విచ్చి, పలకలు పలకలుగా విడిపోయి యుండును. ఒక్కొక్క పలకకు ఐదో ఆరో మూలలుండును. నెర్రెలో చేతికర్ర దించినచో మూరెడు లోతునకు దిగును. పైకి తీసినపుడు కర్ర కొన తడిగా నుండును. మీద రాయివలె నెండిన నేలకు అడుగున నీరింకను మిగిలియే యున్నదన్నమాట. ఈ నెర్రెలను చూచి నేల నోరు తెరచినదని మన పెద్దలు చెప్పుదురు.

నేను ఏలూరిలో పిల్లలకు పాఠములు చెప్పుకొని జీవించువాడను. నాలుగేండ్ల క్రిందట వేసవి సెలవులకు ముందు ఒక తరగతి పిల్లలను వెంటబెట్టుకొని ఆ అంచునకు పోయితిని. వారిలో నొక బాలుడు నెర్రెలోనికి తొంగిచూచి, “మాస్టారూ, ఈ నెర్రెల నిండా నీళ్ళు పడి గడ్డ కట్టేస్తే ఏమవుతుందండీ?” అని యడిగెను. తక్కిన పిల్లలు నవ్విరి. మాఘమాసపు తెల్లవారుజామున సైతము ఒక దుప్పటితో సరిపోవు ఈ సీమలో నీరు గడ్డకట్టుట యేమి! నేనును నవ్వితిని. అట్లు నవ్వుట నా యజ్ఞానమని యింటికి వచ్చి పుస్తకములు తిరగవేసిన పిమ్మట తెలిసినది. ఆ ప్రశ్ననే పట్టుకొని ఉత్తరధ్రువ సముద్రతీరమున నొక మనుష్యుడు తన వయసులో మంచి సంవత్సరములను గడపియున్నాడు.

అతని పేరు ఎర్నెస్ట్ లెఫింగ్‌వెల్, అమెరికా దేశీయుడు. ఉత్తరసముద్రమున ఇంకను కనుగొనబడని భూమి యేదైన నుండునేమో యని వెదకబోయిన యొక చిన్న బృందముతో 1906లో బయలుదేరెను. వారి యోడ మంచున చిక్కి చెడిపోయెను. వెదకిన భూమి దొరకలేదు. తోడివారు మరలిపోయినను లెఫింగ్‌వెల్ మాత్రము అలాస్కా ఉత్తరతీరమున ఫ్లాక్స్‌మన్ దీవియందు ఆ యోడ కొయ్యలతో కట్టిన గుడిసెను పూర్తిగా విడువక, నడుమ నడుమ స్వదేశమునకు పోయి వచ్చుచు, 1914 వరకు ఆ తీరమును కొలుచుచుండెను. ఆ దేశపు మూలవాసులగు ఇన్యూపియాట్ జనులు అతనికి తోడు నిలిచిరి. ఆ తీరమున నేల కొలదికొలదిగా విరిగి సముద్రములో పడుచుండును. విరిగిన గట్టు ముఖమున, నల్లని మన్ను నడుమ, పైన వెడల్పుగను క్రింద సన్నముగను దిగిన మంచు మేకులవంటి ఆకారములు వరుసగా కనబడును. గట్టు మీది కెక్కి చూచినచో నేలయంతయు ఐదు మూలల, ఆరు మూలల పలకలుగా గీతలు పడి యుండును. అచ్చముగా మన కొల్లేటి నెర్రెలే. కాని పలక యొకటి మన యింటి దొడ్డియంత వెడల్పుండును.

అతడు చెప్పిన కారణమిది. అచటి చలికాలమున నేల మిక్కిలి చల్లబడి ముడుచుకొని పగులును. మన నేల ఎండకు నీరు కోల్పోయి పగులును. ఆ నేల చలికి ముడుచుకొని పగులును. ఫలము మాత్రమొక్కటే. వసంతమున మంచు కరగిన నీరు ఆ సన్నని నెర్రెలోనికి దిగి, అడుగున నెన్నడును కరగని నేల తగులగానే గడ్డకట్టును. మరుచటి యేడు చలికి నేల మరల అచ్చటనే పగులును, ఏలయన నదియే బలహీనమైన చోటు. మరల నీరు, మరల గడ్డ. ఏటికొక దారపు మందము చేరి, వేల సంవత్సరములకు నిలువెత్తు మనుష్యుడు అడ్డముగా పండుకొనగలంత వెడల్పు గల మంచుమేకు తయారగును. ఈ సిద్ధాంతమును అతడు 1915లో వ్యాసముగను, 1919లో పెద్ద గ్రంథమునందును ప్రకటించెను. దానిని తరువాతివారు నేటివరకు ప్రధానముగా అంగీకరించుచునే యున్నారు. మా బాలుని ప్రశ్నకు సమాధానము ఇట్లు దొరకినది.

అయితే నేలలోని మంచు ఎంత యను వివాదము లెఫింగ్‌వెల్‌కంటె తొంబది యేండ్లు పాతది. 1816లో రష్యా నౌకాధికారి కోట్జెబూ అలాస్కా పడమటి తీరమున నొక గట్టును చూచెను. ఎండకు మెరయు మంచు గోడ, దానిమీద పలుచని మన్ను, మన్నుమీద గడ్డి, ఆ మన్నులో పూర్వయుగపు మహాగజముల దంతములు. కొండయంతయు మంచే, మీద మాత్రము నేల యని అతని బృందమువారు వ్రాసిరి. పదియేండ్లకు, 1826లో, ఆంగ్ల నౌకాధికారి బీచీ అచటికే వచ్చెను. అతని మనుష్యులు పరీక్షించి, మంచు గట్టు ముఖమునకు అంటుకొనిన పూత మాత్రమే, లోపల నున్నది వట్టి మన్నే యనిరి. మరి యిరువది యైదేండ్లు గడచునప్పటికి మూడవ యోడవారు వచ్చి, కాదు, మొదటివారి మాటయే నిజమనిరి. ముగ్గురును చదువరులే, ముగ్గురును కన్నులతో చూచినవారే. కాని ముగ్గురును చూచినది గట్టు ముఖమునే. గట్టు విరిగిన చోట విరిగినంత మేరయే తెలియును. మంచు కరగి బురద జారినయెడల మంచు లేనట్లు కనబడును. నీరు జారి గడ్డకట్టినయెడల మంచు లేని చోట నున్నట్లు కనబడును. త్రవ్వి చూడక చెప్పిన మాట యెవరిదైనను అంతే.

త్రవ్వి చూచినవాడు శాస్త్రజ్ఞుడు కాడు. ఒక వర్తక సంఘపు ఉద్యోగి. సైబీరియాలోని యాకూట్‌స్క్ పట్టణమున షెర్గిన్ అను నతడు ఇంటి నీటికొరకు 1828లో బావి త్రవ్వింప మొదలిడెను. ఎంత త్రవ్వినను నేల గడ్డకట్టియే యున్నది. వేరొకరైనచో మానుకొనియుందురు. ఇతడు పట్టుదలతో 1837 వరకు త్రవ్వించెను. 116 మీటర్లు దిగినను నీటిచుక్క దొరకలేదు, కరగిన నేలయు దొరకలేదు. నీటికి పనికిరాని ఆ బావి జ్ఞానమునకు పనికివచ్చినది. 1840ల నడుమ మిడెన్‌డార్ఫ్ అను పండితుడు ఆ బావి గోడలలో వేర్వేరు లోతుల ఉష్ణమాపకములను దూర్చి, లోతునకు పోయిన కొలది చలి తగ్గుచున్నదని లెక్క చూపెను. ఎన్నడును కరగని నేలకు అడుగు ఒకటి కలదనియు, అది యెంత లోతున నుండునో ఊహింపవచ్చుననియు అప్పుడు తెలిసినది. ఇట్టి నేలకు ఇంగ్లీషున ‘పెర్మాఫ్రాస్ట్’ అను పేరును ముల్లర్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1940ల తొలి భాగమున ప్రచారమునకు దెచ్చెను.

ఇక నేలలో మంచెంత యను లెక్క. ఇది వినుటకు ధ్రువశాస్త్రము గాని, చేయుటకు వంటింటి పనియే. గొట్టపు బోరుతో గడ్డకట్టిన నేలనుండి ఒక ముక్కను తీయుదురు. తూచుదురు. కరగించి, పొయ్యిమీద తడి యంతయు పోవువరకు ఎండబెట్టి మరల తూచుదురు. తగ్గిన తూకమే నీరు. నీరు గడ్డకట్టినపుడు పరిమాణము నూటికి తొమ్మిది పాళ్ళు పెరుగును గనుక, ఆ లెక్క చేర్చి మంచు పరిమాణమును కట్టుదురు. అయితే ఇంతమాత్రము చాలదు. ఏ మన్నైనను తన రేణువుల సందులలో కొంత నీటిని ఇముడ్చుకొనగలదు. ఆ నీరు గడ్డకట్టి కరగినను నేల పెద్దగా క్రుంగదు. ఆ సందులకు మించి యున్న మంచే ప్రమాదము. దానిని తెలిసికొనుటకు ముక్కను గాజుపాత్రలో కరగనిచ్చి కదపక నిలుపుదురు. మన్ను అడుగునకు దిగును. మీద తేరిన నీరు నిలుచును. ఆ తేరిన నీరే మిగులు మంచు. వానకాలపు కాలువనీటిలో ఇండుపగింజ అరగదీసి బిందెలో కలిపి తేర్చుకొనిన మన యమ్మమ్మలకు ఈ ప్రయోగమును వేరుగ నేర్పవలసిన పని లేదు.

మంచుమేకులను బోరుతో లెక్కించుట కష్టము. బోరు మేకుమీద పడినచో అంతయు మంచే. ప్రక్కన పడినచో కొంచెమే. అందుచేత పలకలను కొలుచుదురు. మా తరగతిలో నల్లబల్లమీద వేసిన లెక్కనే యిచట వ్రాయుదును. పలకలు నలుచదరములనియు, భుజము 20 మీటర్లనియు అనుకొందము. మేకు పైన 2 మీటర్లు వెడల్పు, లోతు 4 మీటర్లు. త్రిభుజము గనుక అడ్డకోత వైశాల్యము 4 చదరపు మీటర్లు. ప్రక్క పలకతో పంచుకొనగా ఒక్కొక్క పలక వాటాకు 40 మీటర్ల మేకు వచ్చును. అనగా 160 ఘనమీటర్ల మంచు. ఆ లోతువరకు పలక మొత్తము 1600 ఘనమీటర్లు. నూటికి పది వంతులు మేకులయందే యున్నదన్నమాట. మన్నులో కలిసియున్న మంచు వేరు. మేకు వెడల్పున ఒక మీటరు తప్పు పట్టినచో ఈ లెక్క సగము మారిపోవును. సైబీరియా తీరమున కొన్నిచోట్ల నేల పరిమాణములో సగమునకు మించి మంచే యున్నది. అట్టి చోట నేల యనునది నేల కాదు. మన్ను కప్పుకొనిన నీరు.

ప్రపంచపు సముద్రతీరములలో సుమారు మూడవ వంతు ఇట్టి గడ్డకట్టిన నేలలదే. ధ్రువసముద్రతీరము సగటున ఏటికి అర మీటరు చొప్పున వెనుకకు పోవుచున్నదని లెక్కించిరి. అలాస్కాలో కొన్నిచోట్ల ఇరువది మీటర్ల వరకు పోవుచున్నది. అలలు కొట్టుటవలననే కాదు, లోపలి మంచు కరగి గట్టు తనంతట తానే క్రుంగుటవలనను ఇది జరుగును. మిగులు మంచు నూటికి నలుబది పాళ్ళున్న పది మీటర్ల గట్టు కరగినపుడు ఆరు మీటర్లే మిగులును. సముద్రమునకు మోయవలసిన మన్ను అంత తక్కువ. మంచెంతయో తెలియనిచో గట్టు ఎన్నేండ్లు నిలుచునో చెప్పుట ఎవరితరము? అలాస్కాలో న్యూటాక్ అను పల్లెవారు ఇట్టి నేలమీదనే యుండిరి. నది కోతయు, నేల కరగుటయు కలిసి ఊరిని మ్రింగుచుండగా, 2019లో మొదటి కుటుంబములు తట్టాబుట్టా సర్దుకొని మెర్టార్విక్ అను క్రొత్త చోటికి తరలిపోయినవి. బడిని, శ్మశానమును విడిచిపోవుట యెట్టిదో గోదావరి గట్టున పుట్టినవారికి చెప్పనక్కరలేదు.

ఇదంతయు మనకేల యని పాఠకులు అడుగవచ్చును. మన దేశమువారును 2008లో ఉత్తరధ్రువ సమీపమున స్వాల్‌బార్డ్ ద్వీపమున ‘హిమాద్రి’ యను పరిశోధనాలయమును నెలకొల్పినారని చెప్పి ఊరకుండవచ్చును. కాని నా యుద్దేశము వేరు. కొల్లేటి నేలలో మంచు లేదు, నీరు కలదు. మీద గీత గీసి లోపలి సంగతి విచారింపని అలవాటు అక్కడికంటె ఇక్కడ ఎక్కువ.

కొల్లేరు పుట్టుక యెట్టిదో చూడుడు. కృష్ణ దక్షిణమునుండి, గోదావరి ఉత్తరమునుండి ఒండ్రుమట్టిని తెచ్చి సముద్రమును వెనుకకు త్రోయుచుండగా, రెండు డెల్టాల భుజముల నడుమ మిగిలిన పల్లమే కొల్లేరు. సుమారు ఆరు వేల యేండ్ల క్రిందట సముద్రము దాని వాకిట నుండెడిది. దక్షిణపు వైపున పూర్వపు తీరరేఖలను తెలుపు ఇసుకమెరకలు నేటికిని కలవు. సముద్రము తొలగినది, సరస్సు మిగిలినది, ఉప్పుటేరు ఒక్కటి పాత బంధుత్వమును నిలుపుకొనుచున్నది. తాడేపల్లిగూడెమునుండి ఏలూరికి వచ్చువారు ఒక ప్రక్క ఎర్రని మెట్ట నేలను, వేరొక ప్రక్క నల్లని పల్లపు నేలను చూతురు. ఆ మెట్ట ప్రాచీనమైన గట్టి నేల. ఈ పల్లము నిన్న మొన్న నదులు తెచ్చి పోసినది. దాని రేణువుల సందున నింకను నీరు నిండి యున్నది. ఆ నీరు కాలక్రమమున పిండబడును, నేల అణగును. ధ్రువమున కరగుట, ఇచట అణగుట. పని వేగము వేరు, స్వభావము దగ్గర.

చరిత్రలో కొల్లేటి ప్రసక్తి తక్కువ కాదు. క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనమున రెండవ పులకేశి విజయములను కీర్తించుచు రవికీర్తి పేర్కొనిన ‘కునాల’ జలము కొల్లేరేయని చరిత్రకారులలో పెక్కురి మతము. దండి దశకుమారచరితమున ఆంధ్రనగరపు సమీపముననున్న సరస్సును గూడ కొందరు దీనికే అన్వయించిరి. వేంగీపురము, అనగా నేటి పెదవేగి, దీనికి కోసుల దూరముననే కలదు. యుద్ధము చేసినవారికిని, కావ్యము వ్రాసినవారికిని ఈ నీటి విస్తారమే కావలసెను. లోతుతో వారికి పని లేదు.

లోతు కావలసినవాడు కథలో ఒకడు కలడు. కొల్లేటికోటలో గజపతుల సేనాని తలదాచుకొనెననియు, శత్రువులు చిగురుకోట వద్ద దిగి, నీరు అడ్డమగుటచే కోటను చేరలేక, సరస్సును సముద్రమునకు వంచుటకై ఉప్పుటేటిని త్రవ్వించిరనియు, అది చూచి సేనాని తన కూతురినే బలియిచ్చెననియు, అందుచే ఆ పాయకు పేరంటాల కనుమ యని పేరు వచ్చెననియు స్థలకథ. ఉప్పుటేరు మనుష్యులు త్రవ్వినది కాదు, డెల్టాల నడుమ మిగిలిన సహజమైన పాయయే యని నాకు తోచును. కాని కథ త్రోసివేయదగినది కాదు. నీటిమట్టము ఎంత దిగునో ఎవరును కొలువలేదు. భయము మాత్రము పెరిగినది. ఆ భయమునకు వెల కట్టినది ఒక బాలిక ప్రాణముతో. పేరంటాలని పూజించి పసుపు కుంకుమ పెట్టుట సులభము. ఆమె నెవరైన అడిగిరా? ఈ కథను మా యింట చెప్పినపుడు నా భార్య, “బలి ఇవ్వడానికి ఆయనకి కొడుకులు లేరు కాబోలు” అని లేచిపోయినది. నేను బదులు చెప్పలేదు.

నిజమైన కొలతలు మనకు పందొమ్మిదవ శతాబ్దమున వచ్చినవి. ధవళేశ్వరపు ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసినది. కృష్ణ ఆనకట్ట 1855 నాటికి పూర్తియైనది. రెండు నదుల కాలువలును ఏలూరిలో కలిసినవి. కాలువ త్రవ్వవలెనన్నచో వాలు తెలియవలెను. వాలు తెలియవలెనన్నచో మట్టములు తీయవలెను. దేశమంతటను సముద్రమట్టమునుండి ఎత్తులను కొలుచు పని 1858లో మొదలై, 1909 నాటికి మొదటి వలయల్లికగా ముగిసినది. దానికి ఆధారమైన తొమ్మిది రేవులలో విశాఖపట్టణమును, మదరాసును ఉండెను. నేడు కొల్లేటి పల్లెలో అక్షరము రాని ముసలమ్మ నోటగూడ వినబడు ‘ఐదో కాంటూరు’ అను మాటకు ఈ కొలతలే తల్లివేరు.

కాంటూరనగా సముద్రమట్టమునుండి ఒకే యెత్తుననున్న చోట్లను కలిపిన గీత. మూడడుగుల గీత లోపల కొల్లేటి వైశాల్యము సుమారు 135 చదరపు కిలోమీటర్లు. ఐదడుగుల గీత లోపల 308. ఏడడుగుల గీత లోపల 675. పదియడుగుల గీత లోపల 901. 1999లో ప్రభుత్వము ఐదవ కాంటూరువరకు అభయారణ్యముగా ప్రకటించినది. 2002లో 901 చదరపు కిలోమీటర్లును రామ్సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపబడినది. 2006లో ఐదవ కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను యంత్రములతో పగులగొట్టిరి. 2008లో శాసనసభ అభయారణ్యమును మూడవ కాంటూరునకు తగ్గింపవలెనని తీర్మానించినది. 2011లో కేంద్రప్రభుత్వము నియమించిన అజీజ్ సంఘము ఐదునే యుంచవలెనని చెప్పినది. మూడా, ఐదా? ఆ రెండడుగుల తేడాలో 173 చదరపు కిలోమీటర్లు, అనగా నలువది రెండు వేల యెకరములకు పైగా భూమి యున్నది. మనుష్యుని నడుమునకు చేరని యెత్తు. దానిపై ఎన్ని సంసారములు నిలిచియున్నవో!

2006లో గట్లు పగిలినపుడు పెద్ద చెరువుల యజమానులే కాదు, సంఘములలో తమ వాటాను కౌలున కిచ్చుకొని పిల్లలను చదివించుకొనుచున్న జాలరి కుటుంబములును కూలబడినవి. ఆ గట్లు లేవకముందు వలతో, దోనెతో బ్రతికిన వారును వారే. ఇక వరద వచ్చినపుడు మునుగువారును వారే. 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడను ముంచిన పిమ్మట ఆ నీరు చేరిన చోటు కొల్లేరే. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, డెల్టా మురుగు కాలువలు అన్నియు వచ్చు వాకిళ్ళు; పోవు వాకిలి ఉప్పుటేరొక్కటే. లంక గ్రామములలో చుట్టును నీరుండగా త్రాగుటకు బిందెడు నీరు లేక స్త్రీలు పడవలో పోయి తెచ్చుకొనుట అట్టి దినములలో చూచినవారు ఎరుగుదురు. ఇన్ని వాదములును గీత యెచట నుండవలెనని నడచినవి. గీత క్రింది నేల నిలిచియున్నదా యని అడిగినవారు అరుదు.

ఆ నేల నిలిచి యుండలేదు. మూడు కదలుచున్నవి. ఏరులు తెచ్చు ఒండ్రుతో సరస్సు అడుగు పైకి లేచుచున్నది. మెత్తని డెల్టా నేల అణగుచున్నది. సముద్రమట్టము పెరుగుచున్నది. వీనిలో మొదటిది సరస్సును పూడ్చును, రెండవది ముంచును, మూడవది ఉప్పుటేటి పోటును ఎగువకు నెట్టును. 2009లో ప్రపంచమునందలి ముప్పదిమూడు డెల్టాలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు కృష్ణ డెల్టాను అత్యంత ప్రమాదముననున్న వానిలోను, గోదావరిని దానికి తరువాతి వరుసలోను చేర్చిరి. కారణము స్పష్టము. అణగు నేలను ప్రతి వరదకును క్రొత్త ఒండ్రు నింపుచుండవలెను. ధవళేశ్వరము వద్ద గోదావరి మోసికొనివచ్చిన ఒండ్రు 1971–79 నడుమ ఏటికి సగటున 15 కోట్ల టన్నులుండగా, 1990–98 నడుమ 5 కోట్ల 72 లక్షలకు దిగినది. ఎగువ జలాశయములలో తక్కినది చిక్కుకొనిపోయినది. తీరమునకు కావలసిన మన్ను అచటికి పోవుట లేదు. కొల్లేటికి అక్కరలేని మన్ను మాత్రము చిన్న యేరులు మానక తెచ్చుచున్నవి. విధి వైపరీత్యమని కవులు వ్రాయుదురు. ఇది విధి కాదు. మనము కట్టిన కట్టడముల లెక్క.

మరియొక చిక్కు కలదు. ఎత్తును కొలుచుటకు గుర్తురాయి కావలెను. మెత్తని నేలమీద పాతిన గుర్తురాయి నేలతో పాటు తానును దిగును. దానినుండి కొలిచినవానికి నేల దిగినట్లే తోచదు. దొంగయు, కావలివాడును ఒకే పడవలో పోయినట్లు. ధ్రువదేశమున ఈ చిక్కును ముందే యెరిగి, ఏటేట పొంగి క్రుంగు పై పొరను దాటి, ఎన్నడును కరగని లోతున గొట్టములను దింపి గుర్తులను నిలుపుదురు. మనకు అంత శ్రమ అక్కరలేదు. ఉత్తరమున మెట్ట నేల సిద్ధముగా నున్నది. అచట గట్టి గుర్తులను నిలిపి, లంక గ్రామములలో లోతైన బోరులు వేసి ఒండ్రు ముక్కలను తీసి, తూచి, ఎండబెట్టి, నొక్కి, ఎంత అణగునో లెక్కగట్టి, కొన్ని యేండ్ల కొకసారి గీతను మరల కొలిచి, ఆ ఫలితమును తెలుగున వ్రాసి పంచాయతీ గోడకు అంటించినచో చాలును. అప్పుడు మూడా ఐదా యను వాదము మానుకొనుమని నేననను. కాని దేనిని గూర్చి వాదించుచున్నామో తెలియును. బీచీ, కోట్జెబూల వాదమువలె గట్టు ముఖమును చూచి లోపలి సంగతి చెప్పుకొనుట తప్పును.

ఆ వేసవిలో పిల్లలు కొల్లేటి అంచునుండి తడిమన్ను కొంత డబ్బాలో తెచ్చిరి. సగము మన్నును మా యింట కిరాణా త్రాసుతో తూచి, పాత పెనముమీద ఎండబెట్టి మరల తూచితిమి. తగ్గిన తూకమును చూచి వారు ఆశ్చర్యపడిరి; పెనము పాడైనందుకు నేను చీవాట్లు తింటిని. రెండవ సగమును నీటితో కలిపి గాజుకూజాలో పోసి, మన్ను మట్టమును ప్రతి దినమును కాగితపు పట్టీమీద గీత గీయుచు వచ్చితిమి. మొదటి గంటలో వ్రేలెడు దిగినది. మొదటి వారమున అర వ్రేలు. తరువాత గీత గీయుటకు పిల్లలకు విసుగు పుట్టినది. పై తరగతికి పోయిరి. ప్రశ్న యడిగిన బాలుడు మాత్రము పండుగలకు వచ్చినపుడెల్ల కిటికీ వద్దకు పోయి చూచును. మొన్న సంక్రాంతికి వచ్చి, “ఇంకా దిగుతూనే ఉందండీ” అనెను. నేను కళ్ళజోడు పెట్టుకొని చూచితిని. పాత గీతకు క్రింద నూలుపోగంత సందు కనబడినది. వాడు పెన్సిలుతో క్రొత్త గీత గీసి, ప్రక్కన తేదీ వేసినాడు.